అరిగిన డ్రమ్ స్టిక్స్‌ను ఎప్పుడు మార్చాలి?

గాజువాక డ్రమ్మర్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను గాజువాకలో ఒక చర్చిలో ఆదివారం ఆరాధనకు జాజ్ డ్రమ్స్ వాయిస్తాను. వినాయక చవితి మొదలుకొని సంక్రాంతి దాకా స్టేజి ప్రోగ్రాములు ఉన్నప్పుడు ఒక ఆర్కెస్ట్రా వారికి కూడా వాయిస్తుంటాను కనుక నా స్టిక్స్‌కు విశ్రాంతి తక్కువ. ఇప్పుడు నా సంచిలో మూడు జతలు ఉన్నాయి. మూడూ 5ఏ కొలతవే, మూడూ హికరీ కర్రవే. పరిస్థితి మాత్రం ఒక్కోదానిది ఒక్కో రకంగా ఉంది. వీటిలో వేటిని పక్కన పెట్టాలో, వేటిని ఇంకా వాడుకోవచ్చో తేల్చుకోలేక అనుభవజ్ఞులను అడుగుతున్నాను.

మొదటి జతకు షోల్డర్ దగ్గర, అంటే స్టిక్ దాని టిప్ (ముందు కొస) వైపు సన్నబడే, హై-హ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట సింబల్స్) అంచు తగిలే చోట, బెత్తెడు మేర కర్ర నలిగి పేళ్ళు లేచాయి. ఒక స్టిక్‌కు ఆ చోట లోతుగా గాట్లు పడి, మిగతా భాగం కంటే సన్నబడినట్టు స్పష్టంగా కనిపిస్తోంది. టిప్పులు మాత్రం రెండింటికీ చెక్కుచెదరలేదు. రెండో జత చూడటానికి దాదాపు కొత్తదే, కాని ఒక స్టిక్ టిప్ పక్కన ఆవగింజంత పెచ్చు ఊడిపోయింది. మూడో జతలో కంటికి ఏ లోపమూ కనబడదు. అయితే రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి సింబల్ స్టాండు గొట్టానికి తాకించి చూస్తే ఒకటి ఖణేల్‌మని పలుకుతోంది, రెండోది మొద్దుగా పలికి ఆగిపోతోంది.

నాకు నేర్పిన మాస్టారు స్టిక్‌ను విరిగేదాకా వాడమనేవారు. ఆర్కెస్ట్రాలో నాతో పాటు వాయించే మిత్రుడు షోల్డర్ నలిగితే చాలు, జతంతా మార్చేయాలంటాడు. పేరున్న విదేశీ కంపెనీ జత ఒకటి వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా ఉన్న రోజుల్లో ఈ రెండు మాటల్లో దేన్ని పట్టుకున్నా నష్టమేననిపిస్తోంది. మన ఊరి సముద్రపు గాలి, తేమ కూడా కర్ర మీద ప్రభావం చూపుతాయా అన్నది నా రెండో సందేహం.

లయ_సిరిపురం:

డ్రమ్మర్ గారూ, మీరు మూడు జతలనూ ఇంత వివరంగా వర్ణించారు కాబట్టి సూటిగా చెప్పగలను. చూడటానికి అన్నిటికంటే అధ్వాన్నంగా ఉన్న మీ మొదటి జతే అన్నిటికంటే తక్కువ ప్రమాదకరమైనది. దాదాపు కొత్తదని మీరంటున్న రెండో జతను ఈ ఆదివారం స్నేర్ (వాయించేవారి ఎదుట ఉండే ప్రధాన డ్రమ్) మీద వాడవద్దు. మూడో జతలో మొద్దుగా పలికే స్టిక్‌ను ఇప్పుడే సంచిలోనుంచి తీసేయండి. స్టిక్ ఎంత అరిగిందన్న దానికంటే ఎక్కడ అరిగిందన్నదే ముందు చూడాలి.

టిప్‌తో మొదలుపెడతాను. డ్రమ్ మీద బిగించిన స్కిన్‌ను తాకేది అదే. ఇప్పటి స్కిన్‌లు చాలావరకు పాలియెస్టర్ పొరతో చేసినవే. చర్చిల్లో, స్టేజీల మీద మామూలుగా స్నేర్‌కు బిగించే ఒంటిపొర స్కిన్ మందం సుమారు పావు మిల్లీమీటరు మాత్రమే. నున్నగా, గుండ్రంగా ఉన్న టిప్ తగిలినప్పుడు దెబ్బ కొంత వైశాల్యం మీద పరుచుకుంటుంది. పెచ్చు ఊడిన టిప్‌కు అంచు ఏర్పడుతుంది కనుక అదే దెబ్బ ఆ అంచు మొన మీద కేంద్రీకరించి, మొదట స్కిన్ మీది తెల్లపూతను గీకుతుంది, తర్వాత చిన్న చిన్న గుంటలు పెడుతుంది, చివరికి ఏదో ఒక పాట మధ్యలో స్కిన్‌ను చీలుస్తుంది. మంచి స్నేర్ స్కిన్ ఖరీదు ఒక జత స్టిక్స్ కంటే ఎక్కువే కాబట్టి, ఆవగింజంత పెచ్చును ఉపేక్షించడం డబ్బు లెక్కలో కూడా నిలవదు.

పెచ్చు ఊడని టిప్ కూడా పాతబడుతుంది. చాలాకాలం వాడిన కర్ర టిప్‌ను వెలుతురులో పట్టుకొని చూస్తే, నార విడిపోయి నమిలిన వేపపుల్ల కొసలా మెత్తబడి ఉంటుంది. ఆ స్థితి కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. రైడ్ సింబల్ (లయ నడపడానికి వాయించే పెద్ద సింబల్) మీద ఒకే చోట, ఒకే బలంతో వాయిస్తూ, స్టిక్‌ను వేళ్ళ మధ్య పావు చుట్టు చొప్పున తిప్పుతూ పోండి. మంచి టిప్ ఏ వైపు తిప్పినా ఒకేలా, ప్రతి దెబ్బా విడివిడిగా స్పష్టంగా వినిపిస్తుంది. ఒక వైపు స్పష్టంగా, మరో వైపు మసకగా వినిపిస్తే ఆ టిప్ గుండ్రదనం పోయిందని అర్థం. ఏ వైపు తిప్పినా మసకగానే ఉంటే నార మొత్తం విడిపోయిందన్నమాట. మన స్టేజీల్లో కీబోర్డు, బేస్ గిటార్ శబ్దం మధ్య ఈ తేడా తెలియదు. తలుపులు వేసుకుని ఒంటరిగా ఉన్నప్పుడు పరీక్షించాలి.

ఇలా కర్ర టిప్పులు త్వరగా అరిగిపోవడం భరించలేకే జో కలాటో అనే అమెరికన్ డ్రమ్మర్ 1958లో నైలాన్ టిప్‌ను తయారుచేశారు. అది అంత త్వరగా అరగదు, కాని దాని జబ్బు వేరు. నైలాన్ తొడుగుకు వెంట్రుకంత పగులు వచ్చినా, కర్రకూ తొడుగుకూ మధ్య సందు కనిపించినా, ఒకరోజు వాయిస్తుండగానే అది ఎగిరిపోతుంది. తర్వాతి దెబ్బ తొడుగు లేని కర్ర మొనతో స్కిన్ మీద పడుతుంది. కాబట్టి నైలాన్ టిప్ వాడేవారు అతుకు దగ్గర గోటితో తడిమి, వేళ్ళతో తిప్పి చూడాలి. ఏమాత్రం కదిలినా ఆ స్టిక్‌తో పని అయిపోయినట్టే.

ఇక మూడో జత. మీరు స్టాండుకు తాకించి చూడటం సరైన ఆలోచనే, అయితే ఒక జాగ్రత్త అవసరం. స్టిక్‌ను గుప్పిట్లో బిగించి తాకిస్తే బాగున్న కర్ర కూడా మొద్దుగానే పలుకుతుంది. స్టిక్ మొదలు (టిప్‌కు ఎదుటి కొస) నుంచి దాని పొడవులో దాదాపు పావు వంతు దగ్గర, అంటే 16 అంగుళాల స్టిక్‌కు నాలుగు అంగుళాల లోపు, రెండు వేళ్ళతో వదులుగా వేలాడదీసి, మరో స్టిక్‌తో మధ్యలో తేలికగా తట్టండి. అక్కడ పట్టుకుంటే కర్ర కంపనానికి వేళ్ళు పెద్దగా అడ్డురావు. రెండు స్టిక్స్ వేర్వేరు శ్రుతుల్లో పలికితే అది కర్ర సాంద్రతలో తేడా, లోపం కాదు. శ్రుతి సంగతి ఎలా ఉన్నా ఒకటి మోగి, రెండోది మోగకుండా టప్‌మని ఆగిపోతే, లేదా సన్నని జీర వినిపిస్తే, లోపల చీలిక ఉన్నట్టే. చీలిక రెండు ముఖాలూ ఒకదానికొకటి రాసుకుని కంపనాన్ని తినేస్తాయి.

సందేహం తీరకపోతే స్టిక్‌ను రెండు చేతులతో చెవి దగ్గర పట్టుకుని, బట్టలు పిండినట్టు కాకుండా మెల్లగా మెలితిప్పి చూడండి. చీలిన కర్ర కిర్రుమంటుంది. అనుమానం ఉన్న చోట పెన్సిలు పొడి రుద్ది పొడిగుడ్డతో తుడిస్తే, చీలిక ఉన్నచోట సన్నని నల్లగీత నిలిచిపోతుంది. మీ మాస్టారు చెప్పిన ‘విరిగేదాకా’ అన్న మాట ఇంట్లో సాధనకు సరిపోవచ్చునేమో గాని, చర్చిలోగాని స్టేజి మీదగాని సరిపోదు. లోపల చీలిన స్టిక్ చేతిలో ఉన్న ముక్కతో ఆగదు; ముందు ముక్క గాల్లోకి లేస్తుంది. అది కీబోర్డు వాయించే వారి వైపు వెళ్తుందో, ముందు వరుసలో కూర్చున్న పిల్లల వైపు వెళ్తుందో ఎవరూ చెప్పలేరు.

మొదటి జత విషయానికి వస్తే, షోల్డర్ నలగడం హికరీ స్టిక్ జీవితంలో మామూలు సంగతి. హై-హ్యాట్ అంచు కంచు రేకు. షోల్డర్‌తో ఆ అంచు మీద వాయించినంత కాలం కర్రే ఓడిపోతుంది. 5ఏ స్టిక్ ఒళ్ళు సుమారు 14.4 మిల్లీమీటర్ల లావు ఉంటుంది. షోల్డర్ దగ్గర అది టిప్ వైపు సన్నబడుతూ పోతుంది కాబట్టి నలిగిన చోటును ఒళ్ళుతో కాకుండా కొత్త స్టిక్‌లో అదే చోటుతో పోల్చాలి. నా లెక్క ఇది: ఆ చోట మూడో వంతు కర్ర పోయేదాకా వాడతాను, అక్కడినుంచి వాడను. లేచిన పేళ్ళు మాత్రం ఎంత చిన్నవైనా ఉంచకూడదు. అవి వేళ్ళలో గుచ్చుకోవడం ఒక ఎత్తు, కంటి దాకా ఎగరడం ఇంకో ఎత్తు. మీరు చెప్పిన రెండింటిలో లోతుగా గాట్లు పడినది ఈ హద్దు దాటిందనే నా అనుమానం. కొత్తదాని పక్కన పెట్టి చూడండి.

అరుగుదల ఉన్న చోటు చేతిని గురించి కూడా చెబుతుంది. స్టిక్ ఒళ్ళు మధ్యలో ఒకే చోట నొక్కుకుపోయి ఉంటే అది రిమ్‌షాట్ల (స్కిన్‌నూ దాని చుట్టూ ఉన్న రిమ్‌నూ ఒకేసారి కొట్టే దెబ్బల) గుర్తు; పోతపోసిన లావు రిమ్ ఉన్న స్నేర్‌కు ఈ నొక్కులు ఇంకా త్వరగా పడతాయి. షోల్డర్‌కు ఒకే పక్కన, అదీ ఒకే చేతి స్టిక్‌కు లోతైన గాట్లు ఉంటే, క్రాష్ సింబల్‌ను అంచుకు అడ్డంగా నేరుగా నరుకుతున్నారని అర్థం. దెబ్బను పక్కకు జారనిస్తూ వాయిస్తే స్టిక్‌తో పాటు సింబల్ కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది. చాలా చోట్ల డ్రమ్స్ అందరూ వాడేవి కాబట్టి ముందు వాయించిన వారు క్రాష్‌ను బల్లపరుపుగా, భుజమెత్తు పైన వదిలి వెళ్తారు. కూర్చోగానే దాన్ని కొంచెం దించి మీ వైపు వంచుకోండి.

పాతనగరం సైడ్ డ్రమ్:

లయ గారు టిప్ గురించి, చీలిక గురించి చెప్పినదంతా నిజం. షోల్డర్ గురించి మాత్రం నాది వేరే అభిప్రాయం. నేను చాలాకాలం యూనిఫాం బ్యాండులో సైడ్ డ్రమ్ (పక్కన తగిలించుకుని వాయించే డ్రమ్) వాయించి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మాకు సింబల్ అంచుతో పని లేదు కాబట్టి షోల్డర్ నలగడం అన్న సమస్యే మాకు అరుదు. అయినా స్టిక్స్ మార్చేవాళ్ళం, ఎందుకంటే మాకు జత అన్నది ప్రాణం.

సైడ్ డ్రమ్మర్‌కు రోల్ (ఎడతెగకుండా వేగంగా వేసే దెబ్బల వరుస) అంటే రెండు చేతులూ ఒకే చేయిగా వినిపించాలి. ఒక స్టిక్ ముందు భాగంలో రెండు మూడు గ్రాములు తేలికైనా అది స్కిన్ మీదినుంచి లేచే తీరు మారుతుంది. వాయించే వాడు తెలియకుండానే ఆ చేతి బలం పెంచుతాడు, రోల్‌లో ఎగుడుదిగుళ్ళు వినిపిస్తాయి. తప్పు చేతిదనుకుని సాధన పెంచేవాళ్ళను ఎందరినో చూశాను. బాబూ, మీరు సాధన ప్యాడ్ మీద మెల్లగా రోల్ వాయిస్తూ ఇంట్లో ఎవరినైనా అటు తిరిగి నిలబడి వినమనండి. స్టిక్స్‌ను చేతులు మార్చి మళ్ళీ అదే రోల్ వాయించండి. ఎగుడుదిగుడు కూడా చేయి మారితే లోపం స్టిక్‌దే. మారకపోతే లోపం చేతిది, కొత్త జత కొన్నా పోదు.

ఇప్పుడు వంటింట్లో వాడే చిన్న డిజిటల్ తూకం అందరికీ దొరుకుతోంది. కొత్త జత కొన్న రోజే రెండింటినీ తూచి, మొదలు దగ్గర పెన్సిలుతో బరువు రాసిపెట్టుకోండి. హికరీ 5ఏ సాధారణంగా 50 నుంచి 60 గ్రాముల మధ్య తూగుతుంది. షోల్డర్ కొరుక్కుపోయేకొద్దీ పోయే బరువంతా ముందు భాగంలోదే కనుక, తూకంలో తేడా తక్కువ కనిపించినా చేతిలో ఎక్కువ తెలుస్తుంది. బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో టింపనీ (పెద్ద గిన్నెలాంటి డ్రమ్) వాయించిన విక్ ఫర్త్ 1963లో తానే స్టిక్స్ తయారు చేయించడం మొదలుపెట్టడానికి కారణం దొరికేవాటితో తృప్తి లేకపోవడమే. ఆయన పేరుతో ఉన్న కంపెనీ నేటికీ బరువునూ శ్రుతినీ సరిచూసి జతకట్టామని చెప్పే అమ్ముతుంది. అంత శ్రమపడి కలిపిన జతలో ఒకటి పాడైతే రెండోదాన్ని ఒంటరిగా కొనసాగించడం నాకు సమ్మతం కాదు. ఒకటి పోతే రెండూ పోయినట్టే లెక్కపెట్టాలి.

ఇంకొక మాట. బిగువు ఎక్కువగా ఉండే, కెవ్లార్ అనే గట్టి నారతో చేసిన స్కిన్ మీద కర్ర టిప్ సాధారణ స్కిన్ మీద కంటే చాలా త్వరగా అరుగుతుంది. కాలేజీ ఎన్‌సీసీ బ్యాండుల పిల్లలు అలాంటి సైడ్ డ్రమ్ వాయిస్తుంటే వాళ్ళకు జాజ్ డ్రమ్స్ లెక్క చెప్పకండి. పరేడ్ దగ్గరపడిన వారంలో కొత్త జత తీయవద్దు, కాస్త ముందే తీసి చేతికి అలవాటు చేసుకోనివ్వండి.

ఎంవీపీ ప్యాడ్స్:

ఆక్టోప్యాడ్ (ఎలక్ట్రానిక్ రబ్బరు ప్యాడ్లు) వాయించే వారి తరఫున క్లుప్తంగా చెబుతాను. రబ్బరు ప్యాడ్ మీద స్టిక్ అంత త్వరగా అరగదు, కాబట్టి పాత స్టిక్స్‌ను ప్యాడ్స్‌కు మళ్ళించడం అందరికీ అలవాటు. అది మంచి అలవాటు కాదు. సింబల్ అంచుకు తగిలి పేళ్ళు లేచిన స్టిక్ రబ్బరును కోస్తుంది. ఎలక్ట్రానిక్ డ్రమ్స్‌కు ఉండే వల స్కిన్‌కైతే గరుకు టిప్ ఇంకా ప్రమాదం. వల పోగు ఒకటి తెగితే చిరుగు పెరుగుతూనే ఉంటుంది. ఎలక్ట్రానిక్ వాటికి విడిగా ఒక నైలాన్ టిప్ జత కొని, దాన్ని సింబల్ దగ్గరికి ఎన్నడూ పోనివ్వకుండా ఉంచుకోవడం మేలు. అలా ఉంచుకుంటే ఆ జత ఏళ్ళ తరబడి వస్తుంది.

కంచరపాలెం కలప:

నేను డ్రమ్మర్‌ను కాదు, కలప పని చేసేవాణ్ణి. మా అబ్బాయి డ్రమ్స్ నేర్చుకుంటున్నందువల్ల ఈ చర్చ చదివాను. తేమ గురించి అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి అది నేను చెబుతాను.

కర్ర చుట్టూ ఉన్న గాలితో తేమను ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 75 శాతం దగ్గర నిలకడగా ఉంటే కర్రలో తేమ దాని పొడి బరువులో సుమారు 14 శాతానికి చేరుతుంది. ఏసీ గదిలో ఆర్ద్రత 40 శాతానికి దిగితే కర్రలో తేమ 8 శాతం దగ్గరికి వస్తుంది. మన విశాఖలో సంవత్సరంలో ఎక్కువ కాలం మొదటి లెక్కే వర్తిస్తుంది. 8 శాతం తేమతో 52 గ్రాములు తూగే స్టిక్‌ను బీచ్ రోడ్డు పక్క ఇంట్లో కిటికీ దగ్గర కొన్ని వారాలు ఉంచితే దాదాపు మూడు గ్రాములు బరువెక్కవచ్చు. పాతనగరం గారు చెప్పిన తూకం పద్ధతి మంచిదే గాని, ఈ కారణం వల్ల పాత బరువుతో కొత్త బరువును పోల్చడం కంటే, అదే రోజు జతలోని రెండింటినీ పక్కపక్కన తూచి వాటి మధ్య తేడాను చూడటం నమ్మదగినది.

స్టిక్ మీద సన్నని లక్కరు పూత ఉంటుంది. అది తేమను పూర్తిగా ఆపదు, ఆలస్యం చేస్తుంది. షోల్డర్ నలిగిన చోట ఆ పూత పోయి నార బయటపడుతుంది కాబట్టి, చెమటా తేమా ముందు అక్కడే దిగుతాయి. తడిసిన నార మెత్తబడి సింబల్ అంచుకు ఇంకా సులువుగా తెగుతుంది. నలగడం మొదలయ్యాక అరుగుదల వేగం పెరిగినట్టు అనిపించడానికి ఇదొక కారణం. ప్రోగ్రాం అయ్యాక పొడిగుడ్డతో తుడిచి గాలి ఆడే చోట పెట్టండి. తడిసిన స్టిక్స్‌ను డాబా మీద ఎండలో ఆరబెట్టడం, కారు డిక్కీలో వదిలేయడం మాత్రం వద్దు. పైపొర లోపలికంటే ముందు ఆరి కుంచించుకుపోయి, పొడుగునా సన్నని బీటలు వస్తాయి, స్టిక్ వంకర తిరుగుతుంది. వంకర తెలియాలంటే వంటగది గ్రానైట్ బండ మీద దొర్లించి, బండకూ స్టిక్‌కూ మధ్య సందు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉందేమో చూస్తే చాలు.

విరిగిన స్టిక్ ముక్కను చూసి అది ఎందుకు విరిగిందో చెప్పవచ్చు. విరిగిన చోట నార పొడుగ్గా, చిందరవందరగా ఉంటే అది దెబ్బలు తిని తిని అలసిపోయి విరిగింది, దాని తప్పేమీ లేదు. కత్తితో ఏటవాలుగా కోసినట్టు విరిగితే మాత్రం కర్ర చారలు స్టిక్ పొడుగునా నిటారుగా సాగకుండా ఒక పక్కకు దిగిపోయాయని అర్థం. అలాంటి స్టిక్ కొత్తగా ఉన్నప్పుడే విరగడానికి సిద్ధంగా ఉంటుంది. కొనేటప్పుడు స్టిక్‌ను తిప్పుతూ చారలు మొదలు నుంచి టిప్ దాకా సాగుతున్నాయా, మధ్యలోనే అంచుకు వచ్చి అంతమవుతున్నాయా చూడండి. ముఖ్యంగా షోల్డర్ దగ్గర చూడాలి.

మరమ్మతుల గురించి. లేచిన పేళ్ళను గోటితో లాగకండి, లాగితే కింది నార కూడా లేస్తుంది. పదునైన బ్లేడుతో కోసి, 220 నంబరు ఉప్పుకాగితంతో పొడుగు దిశలో రుద్దండి, అడ్డంగా వద్దు. షోల్డర్‌కు ఎలక్ట్రికల్ టేపు చుడితే అరుగుదల నెమ్మదిస్తుంది, కాని ముందు భాగం బరువెక్కుతుంది, హై-హ్యాట్ శబ్దం మెత్తబడుతుందని మా అబ్బాయి అంటాడు. పెచ్చు ఊడిన టిప్‌ను కూడా రుద్ది గుండ్రం చేయవచ్చు. అయితే రెండో స్టిక్ టిప్ కంటే అది చిన్నదైపోతుంది కాబట్టి సాధనకే పనికొస్తుంది. చీలికలో జిగురు పోసి వాడాలనే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి. నిలకడగా ఉండే కుర్చీ కాలుకు జిగురు ఆగుతుంది, క్షణానికి నాలుగైదు దెబ్బలు తినే సన్నకర్రకు ఆగదు.

మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఏటికొప్పాకలో అంత నైపుణ్యంగా లేత్ పట్టేవారు ఉండగా స్టిక్స్ అమెరికా నుంచి ఎందుకు రావాలి అని. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర మెత్తనిది, తేలికైనది. లక్క రంగులు పట్టడానికి అంతకంటే మంచి కర్ర లేదు గాని సింబల్ అంచు ముందు ఒక్క పాట కూడా నిలవదు. హికరీని గొడ్డలి పిడులకు, సుత్తి పిడులకు వాడతారు, దెబ్బ అదురును తట్టుకోవడమే దాని గుణం. మేపుల్ దానికంటే సుమారు పదోవంతు తేలిక, అందుకు తగ్గట్టే దానికంటే త్వరగా నలుగుతుంది. మన దగ్గర పిడులకు వాడే తుమ్మ గట్టిదే గాని బరువైనది, ఒకే బరువున్న రెండు కర్రలు కలపడం కష్టం. ఈ జత బాధ డప్పు కళాకారులకు లేదు. వారి కుడిచేతి సిర్ర లావుగా పొట్టిగా, ఎడమచేతి చిటికెన పుల్ల సన్నగా పొడుగ్గా ఉంటాయి. రెండింటి పని వేరు, శబ్దం వేరు, ఒకటి పోతే ఆ ఒక్కదాన్నే మార్చుకుంటారు.

గాజువాక డ్రమ్మర్:

అందరికీ ధన్యవాదాలు. చెప్పిన పరీక్షలు చేసి చూశాను. రెండో జతలో పెచ్చు ఊడిన స్టిక్‌ను రైడ్ మీద తిప్పుతూ వాయిస్తే ఒక వైపు శబ్దం పూర్తిగా మసకగా ఉంది, ఇన్నాళ్ళూ సింబల్ పాతబడిందనుకుంటున్నాను. మూడో జతలో మొద్దుగా పలికే దానికి పెన్సిలు పొడి రుద్దితే ఒళ్ళు మధ్యలో, రిమ్ తగిలే నొక్కు దగ్గరినుంచి, వేలెడు పొడవున నల్లగీత తేలింది. దాన్ని వెంటనే విరిచేశాను. మొదటి జతలో లోతుగా గాట్లు పడిన దాన్ని కొత్త స్టిక్ పక్కన పెడితే దాదాపు సగం కర్ర లేదు. రెండోది మాత్రం పేళ్ళు కోసి రుద్దాక నున్నగానే ఉంది.

అంటే మూడు జతల్లోనుంచి మంచివి మూడు ఒంటి స్టిక్స్ మిగిలాయి. వీటిలో రెండింటిని జత చేసుకోవచ్చా? పాతనగరం గారు వద్దంటారని తెలుసు, అయినా అడుగుతున్నాను.

లయ_సిరిపురం:

చేసుకోవచ్చు. మూడింటినీ ఒకే రోజు తూచి, దగ్గరగా ఉన్న రెండింటిని ఎంచుకోండి. తర్వాత వేలాడదీసి తట్టి శ్రుతి చూడండి. బరువు ఒక గ్రాము లోపు తేడాతో ఉండి, శ్రుతి దగ్గరగా ఉంటే రాక్ బీట్, సినిమా పాటల బీట్ వాయించడానికి ఏ ఇబ్బందీ ఉండదు. కంపెనీ ఒకటే, మోడల్ ఒకటే అయితేనే ఈ పని చేయండి. ఒకే 5ఏ కొలత పేరుతో వేర్వేరు కంపెనీలు అమ్మేవాటికి టిప్ ఆకారం, షోల్డర్ సన్నబడే తీరు వేర్వేరుగా ఉంటాయి. రైడ్ వాయించే చేతికి ఏ టిప్ బాగుందో దాన్ని ఇవ్వండి, షోల్డర్ నలిగినది ఎడమచేతికి వెళ్ళాలి.

పాతనగరం సైడ్ డ్రమ్:

నేను వద్దనే అంటాను, కాని మీరు రోల్స్ ఎక్కువ లేని పాటలు వాయిస్తారు కాబట్టి గొడవ పెట్టుకోను. ఆ కలిపిన జతతో ముందు ప్యాడ్ మీద రోల్ పరీక్ష చేయండి, అది నెగ్గితే చర్చికి తీసుకెళ్ళండి. క్రిస్మస్ ఆరాధనకు మాత్రం కొత్త జత తీయండి, సంచిలో ఇంకో కొత్త జత ఉంచుకోండి.

గాజువాక డ్రమ్మర్:

సరేనండి. రోల్ పరీక్షకు మా చెల్లెల్ని కూర్చోబెడతాను. కొత్త జతను ఈసారి ఆన్‌లైన్‌లో కాకుండా దుకాణానికే వెళ్ళి, చారలు చూసి, అద్దపు కౌంటరు మీద దొర్లించి కొంటాను. అలా దొర్లిస్తే దుకాణం వారు ఏమీ అనుకోరు కదా?

కంచరపాలెం కలప:

ఏమీ అనుకోరు. అడిగి దొర్లించండి. తూకం ఉంటే తూచమని కూడా అడగండి. రెండు మూడు ప్యాకెట్లు విప్పి చూపించమన్నప్పుడు మొహం చిట్లించే దుకాణం అయితే ఇంకో దుకాణం చూసుకోండి.